విశాఖపట్నం నుంచి విమాన దూరాలు, ప్రయాణ కాలాలు

విశాఖపట్నం నుంచి సింగపూర్‌కు విమాన దూరం సుమారు 2,910 కిలోమీటర్లు. దుబాయ్‌కి సుమారు 2,995. ఒకటి ఆగ్నేయాన ఉంది, రెండోది వాయవ్యాన. దుబాయ్ నుంచి సింగపూర్‌కు నేరుగా ఎగిరితే 5,840 కిలోమీటర్లు అవుతుంది కాబట్టి, మధ్యలో విశాఖలో దిగి వెళ్లినా పెరిగే దూరం అరవై కిలోమీటర్ల చిల్లరే. గల్ఫ్‌కూ ఆగ్నేయాసియాకూ సరిగ్గా నట్టనడుమ ఉన్న ఊరు ఇది. అయినా విశాఖ నుంచి దుబాయ్ వెళ్లేవారు చాలా ఏళ్లు హైదరాబాద్‌లోనో ముంబయిలోనో విమానం మారుతూనే వచ్చారు. ఈ నగరం నుంచి ఏ ఊరు ఎంత దూరం అన్నది లెక్క కట్టడం తేలిక. ఎంతసేపు పడుతుందన్నది మాత్రం గాలి, రన్‌వే, పొరుగు దేశాల గగనతలం, విమానం మారే ఊరు కలిసి తేల్చే సంగతి.

దూరం లెక్క

విమాన దూరాల పట్టికల్లో కనిపించే అంకె విమానాశ్రయం నుంచి విమానాశ్రయానికి కొలిచినది. విశాఖ విమానాశ్రయం 17.72 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 83.22 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉంది. గోళం మీద రెండు చోట్లను కలిపే అతి దగ్గరి దారి, ఆ గోళాన్ని సరిగ్గా రెండు సగాలుగా కోసే వృత్తంలో ఒక ముక్క. దాన్ని మహావృత్త చాపం అంటారు. ఆ చాపం భూకేంద్రం దగ్గర చేసే కోణంలో డిగ్రీకి 60 నాటికల్ మైళ్ల చొప్పున దూరం వస్తుంది. నాటికల్ మైలు 1.852 కిలోమీటర్లు. అంటే డిగ్రీకి 111 కిలోమీటర్ల పైచిలుకు.

హైదరాబాద్‌తో ఈ లెక్కను స్కూలు అట్లాసు ముందు పెట్టుకుని చేసేయవచ్చు. విశాఖ, హైదరాబాద్ విమానాశ్రయం ఉన్న శంషాబాద్ రెండూ దాదాపు ఒకే అక్షాంశం మీద, పదిహేడు పద్దెనిమిది డిగ్రీల మధ్య ఉన్నాయి. రేఖాంశంలో తేడా 4.8 డిగ్రీలు. ఆ అక్షాంశం దగ్గర ఒక్కో రేఖాంశ డిగ్రీ వెడల్పు 106 కిలోమీటర్లు. గుణిస్తే 508 వస్తుంది. ఉత్తర దక్షిణాల్లో ఉన్న అర డిగ్రీ తేడా కలిపితే 511. అదే రైలు పట్టాల మీద విశాఖ నుంచి సికింద్రాబాద్‌కు 699 కిలోమీటర్లు, ఎందుకంటే రైలు తీరం వెంట విజయవాడ దాకా దిగి, అక్కడి నుంచి వరంగల్ మీదుగా పైకి ఎక్కాలి. 2023 సంక్రాంతికి ప్రారంభమైన వందే భారత్ ఆ దూరాన్ని ఎనిమిదిన్నర గంటల్లో దాటేలా వేళలు పెట్టారు. ఢిల్లీ విషయంలో తేడా ఇంకా పెద్దది. గాలిలో సుమారు 1,360 కిలోమీటర్లు, విజయవాడ, నాగపూర్, భోపాల్ మీదుగా రైల్లో దాదాపు 2,100.

మిగతా నగరాల దూరాలు ఇలా ఉన్నాయి: విజయవాడ 290, చెన్నై 620, కోల్‌కతా 773, ముంబయి 1,103 కిలోమీటర్లు. పోర్ట్ బ్లెయిర్, అంటే 2024లో శ్రీ విజయపురంగా పేరు మార్చుకున్న ఊరు, 1,226 కిలోమీటర్లు. అంటే అండమాన్ రాజధాని విశాఖకు ఢిల్లీ కన్నా దగ్గర. అక్కడికి విశాఖ రేవు నుంచి ఓడ కూడా ఉంది, నెలకు ఒకటి చొప్పున. అది సుమారు 56 గంటలు తీసుకుంటుంది. మెట్ల దగ్గర ట్రంకు పెట్టెలతో, బియ్యం బస్తాలతో ఓడ ఎక్కే శ్రీకాకుళం కుటుంబాలకు ఇది తాతల నాటి దారి. పోర్ట్ బ్లెయిర్‌లో తెలుగు వినిపించడానికి చాలావరకు ఆ వలసే కారణం.

సింగపూర్ దారి

విశాఖ నుంచి ఎక్కువ కాలం నిలిచిన అంతర్జాతీయ సర్వీసుల్లో సింగపూర్‌ది ఒకటి. సింగపూర్ ఎయిర్‌లైన్స్ గ్రూపులోని సిల్క్‌ఎయిర్ నడిపిన ఈ దారి 2019లో అదే గ్రూపులోని చౌక ధరల సంస్థ స్కూట్ చేతికి వచ్చింది. ప్రయాణం సుమారు నాలుగు గంటలు.

పటం మీద ఈ దారి చూడముచ్చటగా ఉంటుంది. విశాఖ తీరం దాటిన విమానం ఆగ్నేయంగా బంగాళాఖాతం మీదికి వెళ్తుంది. ఇక సగం దూరం వరకూ కింద నీళ్లే. సగం దారి దగ్గర, లిటిల్ అండమాన్‌కూ కార్ నికోబార్‌కూ నడుమ ఉన్న టెన్ డిగ్రీ చానెల్ మీదుగా మహావృత్త గీత సాగుతుంది. తర్వాత మలక్కా జలసంధి ముఖద్వారం, ఆపైన కౌలాలంపూర్ పరిసరాలు, చివర సింగపూర్ విమానాశ్రయం చాంగీ. కౌలాలంపూర్ ఈ గీతకు ఎంత దగ్గరంటే, సింగపూర్ విమానం అక్కడ ఆగి వెళ్లినా దూరంలో పెద్దగా తేడా పడదు. విశాఖ నుంచి అక్కడికి సుమారు 2,610 కిలోమీటర్లు.

ఇదే దారిలో ఓడలూ పోతాయి. పన్నెండు నాట్ల వేగంతో నడిచే సరుకు ఓడకు విశాఖ నుంచి సింగపూర్ చేరడానికి అయిదున్నర రోజులు పడుతుంది. రేవు పనివాళ్లకు, ఓడ మీద పనిచేసేవాళ్లకు సింగపూర్ కొత్త ఊరు కాదు. అక్కడ ఓడ ఎక్కడానికో, దిగి ఇంటికి రావడానికో ఈ దారిలో నడిచే రాత్రి విమానంలో కూర్చునేవాళ్లు ఎప్పుడూ ఉంటారు.

గడియారం చేసే గారడీ ఒకటి ఇక్కడ ఉంది. భారత ప్రామాణిక కాలానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖాంశం కాకినాడ దగ్గరగా పోతుంది. విశాఖ దానికి ముప్పావు డిగ్రీ తూర్పున ఉంది, అంటే ఇక్కడి సూర్యుడు గడియారం కన్నా మూడు నిమిషాలే ముందు. సూర్యుడూ గడియారమూ ఇంత బాగా కలిసే పెద్ద నగరాలు దేశంలో తక్కువ. సింగపూర్ సంగతి వేరు. 1982 నుంచి అది తన రేఖాంశానికి తగిన దానికన్నా గంటకు పైగా ముందు నడిచే కాలాన్ని పాటిస్తోంది. రెండు నగరాల మధ్య సూర్యుడి లెక్కలో తేడా 83 నిమిషాలు, గడియారాల్లో తేడా మాత్రం 150 నిమిషాలు. రాత్రి పదకొండుకు విశాఖలో బయలుదేరిన విమానం దిగేసరికి అక్కడ తెల్లవారుజామున అయిదున్నర. టికెట్ మీద ఆరున్నర గంటల ప్రయాణంలా కనిపిస్తుంది, కూర్చునేది నాలుగు గంటలే. తిరుగు ప్రయాణంలో ఇదే లెక్క తిరగబడి, రాత్రి ఎనిమిది నలభైకి సింగపూర్ వదిలిన మనిషి అదే రాత్రి పదీ ఇరవై ప్రాంతంలో విశాఖలో దిగుతాడు. తొలిసారి వెళ్లేవాళ్లు ఎయిర్‌పోర్టుకు రమ్మని ఇంటివాళ్లకు తప్పు టైము చెప్పేది ఈ మలుపులోనే.

గంటల లెక్క

ఎయిర్‌బస్ ఏ320 పైన నిలకడగా ఎగిరే వేగం ధ్వని వేగంలో 78 శాతం. పదిన్నర కిలోమీటర్ల ఎత్తున, మైనస్ 54 డిగ్రీల చలిలో అది గంటకు దాదాపు 830 కిలోమీటర్లు. ఆ లెక్కన హైదరాబాద్‌కు 37 నిమిషాలు చాలాలి. టికెట్ మీద మాత్రం గంటా పది, గంటా ఇరవై ఉంటుంది. విమానయాన సంస్థలు ప్రకటించేది గాలిలో ఉండే సమయం కాదు, చక్రాల కింద అడ్డు కట్టెలు తీసిన దగ్గర నుంచి మళ్లీ పెట్టే దాకా. వాళ్ల భాషలో బ్లాక్ టైమ్. అందులో టాక్సీవే మీద పాకడం, రన్‌వే చివర వంతు కోసం ఆగడం, ఎక్కడం, దిగడం అన్నీ కలిసి ఉంటాయి. రద్దీకి కొంత వెసులుబాటు కూడా కలుపుతారు. అరగంట ఆలస్యంగా కదిలిన విమానం ఒక్కోసారి వేళకే చేరడం వెనక రహస్యం అదే.

విమానం పై ఎత్తుకు చేరడానికి ఇరవై నిమిషాల వరకు పడుతుంది. దిగడం గమ్యానికి రెండు వందల కిలోమీటర్ల ముందే మొదలవుతుంది. కాబట్టి హైదరాబాద్ విమానం పైన సమంగా ఎగిరేది పావుగంటకు మించదు. ట్రాలీ చివరి వరుస చేరేలోపే సీటు బెల్టు ప్రకటన వస్తుంది. దూరం పెరిగేకొద్దీ ఈ ఎక్కుదిగుల భారం పలచబడుతుంది. హైదరాబాద్‌కు మొత్తం మీద సగటు వేగం గంటకు నాలుగు వందల కిలోమీటర్లు, ఢిల్లీకి రెండు గంటల ఇరవై నిమిషాలనుకుంటే 580, సింగపూర్‌కు 730 దరిదాపుల్లో. చేతి లెక్కకు ఒక సూత్రం పనికొస్తుంది: దూరాన్ని 830తో భాగించి అరగంట కలపాలి. జెట్ విమానాలకు, గాలి పెద్దగా లేని రోజున, ఇది సుమారుగా సరిపోతుంది. విజయవాడ లాంటి దగ్గరి ఊళ్లకు నడిచే ఏటీఆర్ విమానాలకు పనికిరాదు. రెక్కల మీద పంకాలతో ఎగిరే ఆ విమానం గంటకు అయిదు వందల కిలోమీటర్లకు అటూ ఇటూగా పోతుంది. ఆ మాటకొస్తే 290 కిలోమీటర్ల దూరానికి అదే సరైన బండి.

పంకాలంటే నెమ్మది అనుకోవడం కూడా పొరపాటే. విశాఖ బీచ్ రోడ్డులో 2017 డిసెంబర్ నుంచి ప్రదర్శనలో ఉన్న నౌకాదళ విమానం టీయూ-142ను దగ్గరగా చూస్తే అది తెలుస్తుంది. నాలుగు ఇంజన్లు, ఒక్కోదానికి ముందొకటి వెనకొకటి జతగా ఎదురెదురు దిశల్లో తిరిగే పంకాలు. రష్యాలో తయారైన ఈ రకం విమానం గంటకు తొమ్మిది వందల కిలోమీటర్ల దాకా పోగలదు, మధ్యలో ఇంధనం నింపకుండా పన్నెండు వేల కిలోమీటర్లు ఎగరగలదు. జలాంతర్గాముల కోసం హిందూ మహాసముద్రాన్ని గాలిస్తూ 29 ఏళ్లు సేవలో ఉండి, అరక్కోణం నుంచి చివరిసారి ఎగిరి విశాఖలోనే దిగింది. పిల్లలు లోపలికి ఎక్కి ఇరుకైన ఆ సొరంగం లాంటి గదిలో నిలబడి, ఇందులో బాత్రూము ఎక్కడ అని అడుగుతారు. సుదూర విమానయానం గురించి అంతకన్నా మంచి ప్రశ్న లేదు.

గాలి

చలికాలంలో ఉత్తర భారతం మీద, విమానాలు ఎగిరే ఎత్తులోనే, పడమటి నుంచి తూర్పుకు ఒక వేగమైన గాలి నది పారుతుంది. దాన్ని ఉపోష్ణ పశ్చిమ జెట్ ప్రవాహం అంటారు. దాని వేగం గంటకు 150 కిలోమీటర్లు దాటడం మామూలే. దుబాయ్ దారిలో దీని ప్రభావం ఎంతో చూడవచ్చు. గంటకు వంద కిలోమీటర్ల ఎదురు గాలిలో 2,995 కిలోమీటర్లు దాటడానికి నాలుగు గంటల ఆరు నిమిషాలు పడుతుంది. అంతే వేగంతో వెనక నుంచి గాలి తోస్తే మూడు గంటల పదమూడు నిమిషాలు. ఒకే దూరానికి దాదాపు గంట తేడా. అందుకే పడమటికి వెళ్లే విమానానికి వేళల పట్టికలో ఎక్కువ సమయం, తూర్పుకు వచ్చేదానికి తక్కువ రాస్తారు.

జూన్ వచ్చేసరికి ఆ పశ్చిమ ప్రవాహం హిమాలయాల అవతలికి జరుగుతుంది. దక్షిణ భారతం మీద మాత్రం గాలి దిశే మారిపోయి, తూర్పు నుంచి పడమటికి వీచే ఉష్ణమండల జెట్ ప్రవాహం ఏర్పడుతుంది. దీన్ని ప్రపంచానికి వివరించినవాడు తెలుగు వాతావరణ శాస్త్రవేత్త పంచేటి కోటేశ్వరం. 1958లో టెల్లస్ పత్రికలో వచ్చిన ఆయన పరిశోధన వ్యాసం రుతుపవనాల అధ్యయనంలో ఇప్పటికీ మూలస్తంభం. తర్వాత ఆయన భారత వాతావరణ శాఖకు అధిపతి అయ్యారు. ఈ తూర్పు గాలి నడిబొడ్డు పద్నాలుగు, పదహారు కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది, ప్రయాణికుల విమానాలకు దాని కింది అంచులే తగులుతాయి. అయినా వానాకాలంలో విశాఖ నుంచి ముంబయి వైపు పోయే పైలట్‌కు, శీతాకాలంలో ఎదురొచ్చే గాలి ఇప్పుడు వెనక నుంచి రావడం తెలుస్తుంది.

గాలిని నమ్ముకుని దూరాన్నే పెంచుకున్న సందర్భం ఒకటి చెప్పుకోవాలి. ఎయిర్ ఇండియా ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు మొదట అట్లాంటిక్ మీదుగా, దాదాపు 13,900 కిలోమీటర్ల దారిలో వెళ్లేది. 2016 అక్టోబర్‌లో దిశ మార్చి పసిఫిక్ మీదుగా పంపింది. దారి 15,300 కిలోమీటర్లకు పెరిగింది, ప్రయాణం మాత్రం పద్నాలుగున్నర గంటలకు దిగింది. పద్నాలుగు వందల కిలోమీటర్లు ఎక్కువ ఎగిరి, రెండు గంటల దాకా ముందు చేరారు. పడమటి గాలిని ఎదుర్కొనే బదులు దాని భుజమెక్కి పోవడమే కారణం.

శాన్‌ఫ్రాన్సిస్కో

ఉత్తరాంధ్ర ఇళ్లలో ఎంత దూరం అనే ప్రశ్న ఇప్పుడు ఎక్కువగా అమెరికా గురించే. విశాఖ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు మహావృత్త దూరం సుమారు 13,300 కిలోమీటర్లు. నేరుగా విమానం లేదు, ఉంటే పదహారు గంటలు. గోడ మీది పటంలో చూసినవాళ్లు ఈ దారి తూర్పున జపాన్ మీదుగానో, పడమట లండన్ మీదుగానో ఉంటుందనుకుంటారు. భూగోళం మీద దారం లాగి పెడితే అది విశాఖ నుంచి దాదాపు ఉత్తరంగా లేస్తుంది. ఝార్ఖండ్ మీదుగా సిక్కిం దగ్గర హిమాలయాలు దాటి, టిబెట్, మంగోలియా మీదుగా బైకాల్ సరస్సు చేరుతుంది. ఆపైన సైబీరియా ఈశాన్య కొస చుకోట్కాలో 68 డిగ్రీల ఉత్తర అక్షాంశాన్ని తాకుతుంది. అది ఆర్కిటిక్ వలయానికి పైన. అక్కడి నుంచి కిందికి వంగి బేరింగ్ జలసంధి, అలాస్కాలో ఆంకరేజ్ సమీపం, పసిఫిక్ తీరం. పుష్కలంగా చెమట పట్టే ఊరి నుంచి బంగారు తీరానికి దగ్గరి దారి మంచు ఎడారి మీదుగా పోతోందన్నమాట.

ఆచరణలో ఈ గీత మీద ఎవరూ వెళ్లరు. ఎక్కడో ఒకచోట విమానం మారాలి, మారే ఊరిని బట్టి దూరం మారుతుంది. ఢిల్లీ మీదుగా వెళ్తే మొత్తం 13,750 కిలోమీటర్ల దాకా వస్తుంది, నేరు దారి కన్నా మూడు నాలుగు శాతమే ఎక్కువ. దుబాయ్ మీదుగా 16,000. అక్కడి నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో దారి దాదాపు ఉత్తర ధ్రువం మీదుగా పోతుంది. సింగపూర్ మీదుగా 16,500. ఢిల్లీ దారితో పోలిస్తే రెండు వేల ఏడు వందల యాభై కిలోమీటర్ల తేడా అంటే మూడు గంటలకు పైగా అదనపు ప్రయాణం. అయినా సింగపూర్ దారి ఎంచుకునేవాళ్లు ఉన్నారు. విశాఖలోనే ఇమిగ్రేషన్ ముగించుకుని, సామాను చివరిదాకా ఒకేసారి పంపేసి, ఢిల్లీ పొగమంచు బెడద లేకుండా పోవచ్చు. డిసెంబర్, జనవరి నెలల్లో ఢిల్లీ మీదుగా ప్రయాణం పెట్టుకోవడం కొంత జూదమే. తక్కువ దూరం అని చూసుకుని రెండు గంటల వ్యవధితో టికెట్ తీసుకున్నవాళ్లు, మొదటి విమానం విశాఖలోనే ఆగిపోతే రెండోదాన్ని వదులుకోక తప్పదు.

బెంగళూరు నుంచి మరో దారి 2021 జనవరిలో మొదలైంది. శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు ఎయిర్ ఇండియా తొలి విమానాన్ని నడిపింది పూర్తిగా మహిళా పైలట్ల బృందం. జోయా అగర్వాల్ కెప్టెన్‌గా ఉన్న ఆ బృందంలో పాపగారి తన్మయి ఒకరు. దారి దాదాపు 14,000 కిలోమీటర్లు, ఉత్తర ధ్రువ ప్రాంతం మీదుగా, పదిహేడు గంటల ప్రయాణం.

ఇలాంటి దారులన్నీ కింది దేశాల అనుమతి మీద ఆధారపడ్డవే. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక అమెరికా విమానాలకు రష్యా గగనతలం మూతపడింది. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ తన గగనతలాన్ని భారతీయ విమానాలకు మూసింది. ఢిల్లీ నుంచి పడమటికి పోయే విమానాలు దక్షిణంగా చుట్టు తిరగాల్సి వచ్చింది. కొన్నింటికి ఐరోపాలో ఇంధనం కోసం ఆగక తప్పలేదు. విశాఖ ప్రయాణికుడు పాకిస్తాన్ ఛాయలకు పోకపోయినా, ఢిల్లీలో ఎక్కిన రెండో విమానంలో ఆ భారం మోశాడు.

రన్‌వే

విశాఖలో పౌర విమానాలు దిగేది నౌకాదళ వైమానిక కేంద్రం ఐఎన్ఎస్ డేగాలో. రన్‌వే నౌకాదళానిది, గగనతల నియంత్రణ నౌకాదళానిదే. ఇప్పుడున్న 3,050 మీటర్ల రన్‌వే 2007లో వాడకంలోకి వచ్చింది. అంతకు ముందున్నది చిన్నది. పొడవు ఇప్పుడు పెద్ద అడ్డంకి కాదు, అసలు అడ్డంకి వేళలది. పగటి పూట కొన్ని గంటలు నౌకాదళ శిక్షణకు పోతాయి, పౌర విమానాలు మిగిలిన గంటల్లో సర్దుకోవాలి. విదేశీ విమానాలకు అనుకూలమైన వేళ దొరకడం, దొరికిన వేళకు అవతలి ఊళ్లో కనెక్షన్ కుదరడం రెండూ జరిగితేనే ఒక సర్వీసు నిలబడుతుంది. దుబాయ్‌కో బ్యాంకాక్‌కో సర్వీసులు మొదలై ఆగి మళ్లీ మొదలవుతుండటాన్ని ప్రయాణికులు తక్కువనే ఖాతాలో వేసేయడం తొందరపాటు. దుబాయ్ ఎంత దగ్గరో 2,995 అనే అంకె చెబుతుంది. అక్కడికి ఏ వేళకు ఎగరవచ్చో డేగా పట్టిక చెబుతుంది.

సముద్రం వైపు నుంచి దిగే విమానం రేవు మీదుగా వస్తుంది. ఎడమ కిటికీ దగ్గర కూర్చుంటే యారాడ కొండ, డాల్ఫిన్స్ నోస్, వాటి నీడలో లంగరు వేసిన ఓడలు కనిపిస్తాయి. దూరంగా ఉక్కు కర్మాగారం పొగ గొట్టాలు. చుట్టూ కొండలు ఉండటం వల్ల మేఘాలు కిందికి దిగిన రోజున విమానం ఒక చుట్టు తిరిగి రావడమో, హైదరాబాద్‌కు మళ్లడమో జరుగుతుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను టెర్మినల్ పైకప్పును ఊడ్చేసినప్పుడు అయిదు రోజుల దాకా విమానాలే లేవు.

పౌర విమానాలను విజయనగరం జిల్లా భోగాపురంలో జీఎంఆర్ సంస్థ కడుతున్న అల్లూరి సీతారామరాజు అంతర్జాతీయ విమానాశ్రయానికి మార్చాలన్నది ప్రభుత్వ ప్రణాళిక. దానికి 2019 ఫిబ్రవరిలో ఒకసారి, 2023 మే 3న మరోసారి శంకుస్థాపన జరిగింది. అక్కడి రన్‌వే 3,800 మీటర్లు, శిక్షణ వేళల చిక్కు ఉండదు. గాలిలో దూరాలు పెద్దగా మారవు. డేగాకు ఈశాన్యంగా నలభై కిలోమీటర్ల చిల్లర జరిగినందుకు సింగపూర్‌కో ఢిల్లీకో రెండు మూడు నిమిషాల తేడా పడవచ్చు. నేల మీద లెక్క వేరు. ఇప్పుడు గాజువాకలోనో స్టీల్ ప్లాంట్ టౌన్‌షిప్‌లోనో ఉండేవాళ్లకు విమానాశ్రయం ఆటో దూరం. భోగాపురం అయితే నగరాన్ని ఈ కొస నుంచి ఆ కొసకు దాటి, మధురవాడ, ఆనందపురం మీదుగా జాతీయ రహదారి పట్టుకుని పోవాలి. హైదరాబాద్‌కు గంటా పది నిమిషాల విమానం ఎక్కడానికి అంతకన్నా ఎక్కువసేపు రోడ్డు మీద ఉండాల్సి వస్తుంది. శ్రీకాకుళం, విజయనగరం వాళ్లకు మాత్రం దారి తగ్గుతుంది. ఇన్నాళ్లూ విశాఖ ట్రాఫిక్కు భయపడి ముందు రోజే బంధువుల ఇంట్లో దిగిన పలాస కుటుంబం ఇకపై తెల్లవారుజామున ఇంట్లో బయలుదేరి విమానం అందుకోవచ్చు.